ప్రొఫెషనల్ రోడ్ సైక్లిస్ట్ కావాలంటే ముందు టీమ్‌కు పనికొచ్చే మనిషి అవ్వాలి

టూర్ డి ఫ్రాన్స్‌కు ఒక్కో టీమ్ నుంచి 8 మంది వెళ్తారు. వాళ్లలో మొత్తం రేసు గెలవాలని వెళ్లేది ఒకరు, మహా అయితే ఇద్దరు. మిగిలినవాళ్లు రోజుకొకటిగా 21 స్టేజీలు, దాదాపు 3,400 కిలోమీటర్లు, మూడు వారాల పాటు ఇంకొకరి కోసం తొక్కుతారు. ఎదురుగాలిలో ముందుండి లీడర్‌కు చాటు ఇస్తారు, వెనకనున్న టీమ్ కారు దాకా వెళ్లి జెర్సీలో ముందూ వెనకా బాటిళ్లు కుక్కుకుని మళ్లీ గుంపు ముందుకు తొక్కుకుంటూ వస్తారు, లీడర్ టైరు పంక్చరైతే తమ సైకిలే ఇచ్చేసి రోడ్డు పక్కన నిలబడి కారు కోసం చూస్తారు. వీళ్లను డొమెస్తిక్‌లు అంటారు. ఈ వృత్తిలో ఉన్న ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఇవే.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఆటలోకి రావాలనుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు మొదట అడిగేది "ఎన్ని వాట్లు ఉండాలి?" అని. వాట్లంటే పెడల్ మీద మీరు పెట్టే బలానికి కొలత. ఆ ప్రశ్నకు జవాబు ఉంది, కింద చెప్తాను. కానీ వాట్లు పుష్కలంగా ఉండి కూడా కాంట్రాక్ట్ దొరకనివాళ్లు, దొరికినా రెండేళ్లకే బయటికొచ్చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. గుంపులో తొక్కడం రాక కొందరు, కడుపు మాడ్చుకుని ఒళ్లు పాడుచేసుకుని కొందరు, చెప్పిన పని చెప్పిన చోట చేయలేక కొందరు వెనకబడ్డారు. ఈ మూడూ ఎవరైనా నేర్చుకోగలిగినవే, అందుకే వీటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

మెట్లు ఎలా ఉంటాయంటే

ప్రపంచ సైక్లింగ్‌ను నడిపే సంస్థ యూసీఐ, 1900లో ఏర్పడింది, ఆఫీసు స్విట్జర్లాండ్‌లోని ఎయిగిల్‌లో ఉంది. 17, 18 ఏళ్లవాళ్లు జూనియర్లు, 19 నుంచి 22 దాకా అండర్-23, ఆ తర్వాత ఎలీట్. ఇక్కడ వయసు లెక్క పుట్టినరోజుతో కాదు, ఏ సంవత్సరంలో పుట్టారన్న దానితో చూస్తారు. మగవాళ్ల టీముల్లో పైన వరల్డ్ టూర్, దాని కింద ప్రోటీమ్, దాని కింద కాంటినెంటల్. వరల్డ్ టూర్‌లో ఉండేది 18 టీములు, అంటే ప్రపంచం మొత్తం మీద ఆ స్థాయి ఉద్యోగాలు సుమారు 500. అమ్మాయిల విషయంలో ఒక తేడా ఉంది. అండర్-23 రేసులు తక్కువ కాబట్టి జూనియర్ నుంచి నేరుగా ఎలీట్ రేసుల్లోకి, అంటే తమకంటే పదిహేనేళ్లు అనుభవం ఉన్నవాళ్ల మధ్యకి వెళ్లాల్సి వస్తుంది. దానికి మనసును ముందే సిద్ధం చేసుకోవాలి, మొదటి ఏడాది రేసు పూర్తిచేయడమే ఫలితం అనుకోవాలి.

ఏ వయసులో మొదలెట్టాలి? ప్రిమోజ్ రోగ్లిచ్ స్కీ జంపర్. 2007లో జూనియర్ ప్రపంచ చాంపియన్ టీమ్‌లో ఉన్నాడు. సైక్లింగ్ టీమ్‌లో చేరింది 2013లో, వరల్డ్ టూర్‌కు వచ్చింది 2016లో, ఆ తర్వాత స్పెయిన్‌లో మూడు వారాలు జరిగే వుయెల్టా రేసును నాలుగుసార్లు గెలిచాడు. రెమ్కో ఎవెనెపూల్ 2017 దాకా ఫుట్‌బాల్ ఆడాడు, 2018లో జూనియర్ ప్రపంచ రోడ్ రేసు, ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ రెండూ గెలిచి 2019లో అండర్-23 మెట్టు ఎక్కకుండానే ప్రొఫెషనల్ అయ్యాడు. జే వైన్ ఇంట్లో ట్రైనర్ మీద తొక్కే ఆన్‌లైన్ పోటీ, జ్విఫ్ట్ అకాడమీ గెలిచి కాంట్రాక్ట్ తెచ్చుకుని, 2022 వుయెల్టాలో రెండు స్టేజీలు గెలిచాడు. కాబట్టి దారి ఒక్కటే అని ఎవరైనా చెబితే నమ్మకండి. అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. ఎవెనెపూల్ తర్వాత పెద్ద టీములన్నీ 17 ఏళ్ల పిల్లల కోసం వెతకడం మొదలుపెట్టాయి, 23 ఏళ్లు దాటాక కొత్తగా తలుపు తట్టేవాళ్లకు ఆ తలుపు తెరుచుకోవడం కష్టమైంది. ఆలస్యంగా వచ్చి నిలబడినవాళ్లందరికీ వేరే ఆటలోనో, ల్యాబ్ పరీక్షలోనో ముందే తేలిన గట్టి గుండె, ఊపిరితిత్తులు ఉన్నాయి. మీకూ అవి ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక్కసారి మంచి ల్యాబ్‌లో, శరీరం ఆక్సిజన్‌ను ఎంత వాడుకోగలదో కొలిచే వీఓ2 మ్యాక్స్ పరీక్ష చేయించుకోండి, ఊహలతో ఏళ్లు గడపొద్దు.

గుంపులో తొక్కడం: దీని మీద ఎక్కువ సమయం పెట్టండి

రోడ్ రేసింగ్ మొత్తం గాలి చుట్టూ తిరుగుతుంది. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు దాటితే మీ బలంలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఒకరి వెనక చక్రం పట్టుకుని తొక్కితే మూడో వంతు దాకా మిగులుతుంది. పెద్ద గుంపు (పెలోటాన్) నడిమధ్యలో ఉన్నవాడికి గాలి నిరోధం ఒంటరిగా తొక్కేవాడితో పోలిస్తే పదో వంతుకు కూడా పడిపోతుందని గాలి సొరంగంలో చేసిన పరీక్షల్లో తేలింది. అంటే ఐదు గంటల రేసులో మీరు ఎక్కడ కూర్చున్నారన్నదే చివరి అరగంటలో మీ కాళ్లలో ఏం మిగులుతుందో నిర్ణయిస్తుంది. మీకంటే 20 వాట్లు తక్కువున్నవాడు సరైన చోట కూర్చుని మిమ్మల్ని దాటిపోతాడు, అది చాలా మామూలుగా జరిగే సంగతి.

ముందు చూపు సంగతి. కొత్తవాళ్లు ముందున్నవాడి వెనక చక్రాన్నే గుడ్లప్పగించి చూస్తారు, అందుకే బ్రేక్ వేసేసరికి ఆలస్యమవుతుంది. చూపు ఇద్దరు ముగ్గురు అవతల ఉన్నవాళ్ల భుజాల మీద ఉండాలి, ముందు చక్రం కంటి కింది భాగంలో కనబడితే చాలు. మీ ముందు చక్రం అవతలివాడి వెనక చక్రం పక్కకు, ఒకదాన్నొకటి దాటేలా ఎప్పుడూ పోనివ్వకండి. వాడు అంగుళం పక్కకు జరిగినా పడేది మీరే, వాడికి ఏమీ కాదు. మోచేతులు కాస్త వంచి వదులుగా ఉంచండి, భుజం తగిలితే బెదరకుండా ఉండాలి. దీన్ని గడ్డి మైదానంలో ఇద్దరు కలిసి నెమ్మదిగా తొక్కుతూ భుజాలతో నెట్టుకుని, నేల మీద పెట్టిన బాటిల్‌ను ఆగకుండా వంగి తీసి నేర్చుకోవచ్చు. చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది కానీ ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు. ట్రాక్ సైక్లింగ్, బురద, గడ్డి దారుల్లో తొక్కే సైక్లోక్రాస్, మౌంటెన్ బైక్ కూడా ఇదే నేర్పుతాయి. మాథ్యూ వాన్ డర్ పూల్, వౌట్ వాన్ ఆర్ట్ ఇద్దరూ సైక్లోక్రాస్ బురదలో పెరిగినవాళ్లే, టైరు జారినా సైకిల్‌ను నిలబెట్టుకోగలగడం వాళ్లకు అక్కడే అబ్బింది.

తర్వాత చోటు. ఇరుకు రోడ్డు, కొండ మొదలు, రాళ్లు పరిచిన దారి, గాలి దిశ మారే మలుపు, వీటికి ముందు గుంపులో మొదటి ముప్పై మందిలో ఉండాలి. మలుపులో ముందున్న పదిమంది బ్రేక్ కాస్త తాకిస్తే చాలు, ఆ మలుపు వెనకున్న నూరోవాడి దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఆగి మళ్లీ పూర్తి బలంతో పరుగందుకోవాల్సి వస్తుంది. అలాంటి మలుపులు యాభై అయితే వెనకున్నవాడు యాభై స్ప్రింట్లు చేసినట్టు. అందుకే ముందు రాత్రి మ్యాప్ చూసి, ఏ కిలోమీటరు దగ్గర ముందుకు జరగాలో రెండో మూడో చిన్న కాగితం మీద రాసి హ్యాండిల్ దగ్గర అతికించుకోండి. ఆ కిలోమీటరుకు వెళ్లాక జరుగుదాం అనుకుంటే అప్పటికి రోడ్డు నిండిపోయి ఉంటుంది, మూడు నాలుగు కిలోమీటర్ల ముందు నుంచే ఒక్కొక్క చోటూ సంపాదించుకుంటూ రావాలి.

ఇక పక్కగాలి. మొదటిసారి దీని బారిన పడిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది, 20 నిమిషాల్లో రేసు అయిపోయింది, అంత బలం పెట్టి కూడా ఎందుకు వెనకబడ్డానో అర్థం కాలేదు. గాలి ఎడమ నుంచి కొడుతుంటే చాటు ముందువాడి వెనక ఉండదు, వాడికి కుడి పక్కన కాస్త వెనక ఉంటుంది. అందుకే అందరూ రోడ్డుకు అడ్డంగా ఐమూలగా వాలి తొక్కుతారు, దాన్నే ఎషెలాన్ అంటారు. రోడ్డు వెడల్పు పదిహేను మందికే సరిపోతే పదహారోవాడికి చాటు లేదు, వాడూ వాడి వెనకవాళ్లూ రోడ్డు అంచున ఒకే వరసలో గాలికి ఎదురొడ్డి కాసేపట్లో తెగిపోతారు. మీరు ఆ పదహారోవాడైతే అంచున వేలాడుతూ ఉండొద్దు, వెంటనే వెనకవాళ్లతో కలిసి రెండో ఎషెలాన్ కట్టండి. ముందున్నప్పుడు మీ వంతు వస్తే వేగం పెంచకుండా అదే వేగంతో లాగి, గాలి వచ్చే వైపుకు తప్పుకుని వెనక్కి రావాలి. వంతు రాగానే ఉత్సాహంతో వేగం పెంచేవాడిని ఎవరూ పక్కన ఉండనివ్వరు, ఎందుకంటే వాడి వల్ల వరస తెగుతుంది.

ఇవన్నీ నేర్చుకోవడానికి చిన్న రేసులు చాలా తొక్కాలి, ఇంకో దారి లేదు. ఫలితం పట్టించుకోకుండా ఒక్కో రేసుకు ఒక్కో పని పెట్టుకోండి: ఈరోజు మొత్తం మొదటి ముప్పైలో ఉండాలి, ఈరోజు ప్రతి మలుపులో బ్రేక్ తక్కువ వాడాలి, అలా.

వాట్ల సంగతి

తొక్కే వాట్లను కొలిచే పవర్ మీటర్ తప్పకుండా కావాలి. సైకిల్ బరువు మీద డబ్బు తగలేయొద్దు, యూసీఐ నియమం ప్రకారం రేసు సైకిల్ 6.8 కిలోల కంటే తక్కువ ఉండకూడదు, మామూలు మంచి సైకిళ్లు దానికి ఎంతో దూరంలో లేవు. ఆ డబ్బుతో పవర్ మీటర్ కొని, సైకిల్‌ను ఒంటికి తగ్గట్టు కొలతలు తీయించుకుని సరిచేయించుకోండి.

గంటసేపు నిలకడగా ఇవ్వగలిగే పవర్‌ను ఎఫ్‌టీపీ అంటారు, దాన్ని శరీర బరువుతో భాగిస్తే కిలోకి ఇన్ని వాట్లు అని వస్తుంది. పెద్ద కొండల మీద మొదటి వరసలో ఉండే మగవాళ్లు అరగంట పైన కిలోకి 6 వాట్లకు అటూ ఇటూ తొక్కుతారు. ఆ అంకె చూసి హడలిపోవాల్సిన పని లేదు, ఎందుకంటే అది కొండవీరుల లెక్క. చదునులో లాగేవాళ్లు, స్ప్రింటర్లు, స్ప్రింటర్‌కు దారి చూపించే లీడౌట్‌లు, టైమ్ ట్రయల్ మనుషులు, చిన్న నిటారు చడావుల మీద మెరిసే పంచర్లు, ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది. 75 కిలోల మనిషి చదునులో గంటలకొద్దీ లాగగలిగితే వాడికి ఏ టీమ్‌లోనైనా చోటుంది. బెల్జియం రైడర్ టిమ్ డెక్లెర్క్ గుంపు ముందు గంటల తరబడి ఒక్కడే లాగుతూ పేరు తెచ్చుకున్నాడు, అందరూ ట్రాక్టర్ అని పిలిచేవాళ్లు.

ఇప్పుడు టీములు తాజా కాళ్లతో తీసిన అంకెను పెద్దగా నమ్మడం లేదు. నాలుగు గంటలు తొక్కాక, రెండు మూడు వేల కిలోజౌల్స్ శక్తి ఖర్చయ్యాక అదే 20 నిమిషాల పవర్ ఎంత మిగిలింది అని చూస్తున్నాయి. తాజాగా 400 వాట్లు ఇచ్చి నాలుగు గంటల తర్వాత 330కి పడిపోయేవాడి కంటే, 385 ఇచ్చి 370 దగ్గర నిలబడేవాడు రేసులో ఎంతో ముందుంటాడు. దీన్ని పెంచేది ఏళ్ల తరబడి చేసిన తేలిక తొక్కుడే. వారంలో గట్టి సెషన్లు రెండు, మహా అయితే మూడు, మిగిలినదంతా మాట్లాడుతూ తొక్కగలిగే వేగంలో. ప్రొఫెషనల్స్ వారానికి 20 నుంచి 30 గంటలు తొక్కుతారు, ఏడాదికి 30,000 కిలోమీటర్లు మామూలే. కానీ 17 ఏళ్లకే ఆ గంటలు మొదలెట్టొద్దు. జూనియర్‌కు 10 నుంచి 15 గంటలు చాలు, ఏడాదికి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే 22 ఏళ్లకు పెరగడానికి ఇంకా చోటు మిగిలి ఉంటుంది. టీములు కొనేది ఆ మిగిలిన చోటునే. నిద్ర తొమ్మిది గంటలు. అలసిపోయిన రోజున సెషన్ మానేయడం కూడా శిక్షణలో భాగమే, దానికి సిగ్గుపడకండి.

తిండి

ఇది గట్టిగా చెప్పాలి. బరువు తగ్గితే కొండ తేలిగ్గా ఎక్కొచ్చని కడుపు మాడ్చుకుని, ఆ ఏడాది నిజంగానే కాస్త వేగంగా ఎక్కి, మరుసటి ఏడాది నుంచి జ్వరాలు, ఎముకల్లో పగుళ్లు, నిద్ర లేమితో ఆట వదిలేసిన పిల్లలున్నారు. ఖర్చుకు సరిపడా తినకపోతే శరీరం హార్మోన్ల దగ్గర, ఎముకల దగ్గర, రోగనిరోధక శక్తి దగ్గర పొదుపు మొదలుపెడుతుంది. అమ్మాయిలకు నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్‌కు గుర్తని ఏ కోచ్ అయినా అంటే ఆ కోచ్‌ను వదిలేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సైక్లింగ్‌లో ఒంటి బరువు ఎముకల మీద పడదు కాబట్టి సైక్లిస్టుల ఎముకలు మామూలుగానే పలచబడతాయి, దానికి తోడు తిండి కూడా తగ్గిస్తే ఒక్కసారి పడినా విరుగుతాయి. వారానికి రెండుసార్లు బరువులు ఎత్తే వ్యాయామం ఇందుకే.

రేసులో ఇప్పుడు గంటకు 90 నుంచి 120 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకుంటున్నారు. ఒక్కసారిగా అంత తింటే కడుపు తిప్పుతుంది. 50 గ్రాములతో మొదలుపెట్టి, ప్రతి రెండు మూడు వారాలకు కొంచెం పెంచుకుంటూ పేగులకు అలవాటు చేయాలి, గ్లూకోజ్‌తో పాటు ఫ్రక్టోజ్ కలిసి ఉంటే ఎక్కువ ఒంటికి పడుతుంది. కాళ్లకు శిక్షణ ఇచ్చినట్టే కడుపుకు కూడా ఇవ్వాలి, గట్టి సెషన్ రోజునే ఇవ్వాలి. ఆకలి వేశాక తినడం అంటే అప్పటికే ఆలస్యమైంది.

కంట పడటం, కాంట్రాక్ట్

ఎక్కడివాళ్లయినా ఏదో ఒక దశలో యూరప్ వెళ్లి రేసులు తొక్కాల్సిందే, ఎందుకంటే వెతికేవాళ్లు చూసే రేసులు అక్కడున్నాయి. బెల్జియంలో ఊరి వీధుల చుట్టూ తిరిగే కెర్మెస్ రేసులు గుంపు విద్యకు గొప్ప బడి. అండర్-23లో అన్నిటికంటే ఎక్కువ చూసేది టూర్ డి లావెనిర్, 2017లో ఎగాన్ బెర్నాల్, 2018లో తదేయ్ పొగాచర్ దాన్ని గెలిచినవాళ్లే. బెర్నాల్ 2019లో, పొగాచర్ 2020లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచారు. సైక్లింగ్ వ్యవస్థ బలంగా లేని దేశాల పిల్లల కోసం యూసీఐ ఎయిగిల్‌లో వరల్డ్ సైక్లింగ్ సెంటర్ నడుపుతోంది. ఎరిత్రియాకు చెందిన బినియామ్ గిర్మాయ్ అక్కడ శిక్షణ పొందినవాడే. 2022లో బెల్జియంలోని గెంట్-వెవెల్గెమ్ రేసు, 2024 టూర్‌లో మూడు స్టేజీలు, పాయింట్ల పోటీ విజేతకిచ్చే గ్రీన్ జెర్సీ గెలిచాడు. మీ దేశ సమాఖ్య ద్వారా ఆ దారి ఉందేమో కనుక్కోండి.

టీమ్‌కు రాసేటప్పుడు పొడవైన జీవితచరిత్ర అక్కర్లేదు. పుట్టిన సంవత్సరం, ఎత్తు, బరువు, గత రెండేళ్ల రేసులు, వాటిలో మీరు చేసిన పని, దిద్దకుండా ఉంచిన పవర్ ఫైళ్లు, మీ కోచ్ ఫోన్ నంబర్, అంతే. "ఆ రేసులో 64వ స్థానం" అని మాత్రమే రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, "నూరో కిలోమీటరు నుంచి 150 దాకా గుంపు ముందు లాగాను, మా మనిషి రెండో స్థానంలో వచ్చాడు" అని రాస్తే చదివేవాడు ఆగుతాడు. రేసు అయ్యాక ఆ రాత్రే ఇలాంటి నాలుగు వాక్యాలు రాసి పెట్టుకునే అలవాటు చేసుకోండి.

పెద్ద టీములకు అనుబంధంగా డెవలప్‌మెంట్ టీములున్నాయి, ఇప్పుడు ఎక్కువమంది వాటి ద్వారానే పైకి వస్తున్నారు. ఆగస్టు 1 నుంచి సీజన్ చివరిదాకా ట్రైనీగా తీసుకునే పద్ధతి కూడా ఉంది, దాన్ని స్తజియేర్ అంటారు. కొత్త కాంట్రాక్టులు ప్రకటించే కాలం కూడా ఆగస్టు 1నే మొదలవుతుంది. ఏజెంట్‌ను పెట్టుకుంటే యూసీఐ లైసెన్స్ ఉందో లేదో చూడండి, సంతకం చేసే ముందు టీమ్‌కూ ఏజెంట్‌కూ సంబంధం లేని లాయర్‌తో చదివించండి.

డబ్బు విషయం దాచకుండా చెప్తాను. వరల్డ్ టూర్‌లో మగవాళ్ల కనీస జీతం, కొత్తగా ప్రొఫెషనల్ అయినవాళ్లను మినహాయిస్తే, ఏడాదికి 40,000 యూరోలకు పైనే. అమ్మాయిల పై స్థాయి టీములకు కనీస జీతం అనేదే 2020లో వచ్చింది, 15,000 యూరోలతో మొదలై పెరుగుతూ వచ్చింది. కాంటినెంటల్ స్థాయిలో మాత్రం జీతమే లేకుండా సైకిల్, బట్టలు, ప్రయాణ ఖర్చులతో తొక్కేవాళ్లు చాలామంది. టూర్ విజేతకు 5 లక్షల యూరోల బహుమతి అంటారు, ఆ డబ్బును ఆనవాయితీగా జట్టులోని మిగతావాళ్లకూ పంచేస్తారు. కాంట్రాక్టులో మీరు అడగాల్సినవి: ఉద్యోగిగా తీసుకుంటున్నారా, స్వతంత్ర వృత్తిదారుగానా? రెండోదైతే పన్నులు, సామాజిక భద్రత మీరే కట్టుకోవాలి, అందుకే దాని కనీస మొత్తం ఎక్కువ. ప్రమాద బీమా ఎంత? గాయపడి ఆరు నెలలు తొక్కలేకపోతే జీతం ఆగుతుందా? రేసుకు ప్రయాణం ఎవరి ఖర్చు? ఇవి నోటిమాటగా కాదు, కాగితం మీద ఉండాలి. టీములు స్పాన్సర్ల మీద బతుకుతాయి. ఎన్నో గెలుపులు సాధించిన హెచ్‌టీసీ-హైరోడ్ టీమ్ కూడా కొత్త స్పాన్సర్ దొరక్క 2011 చివర్లో మూతపడింది. కాబట్టి జీతం వచ్చిన మొదటి నెల నుంచే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టడం మొదలుపెట్టండి.

మొదటి ఏడాది

మీకు పెద్ద లీడర్ పని రాదు. బాటిళ్లు తేవడం, రేసు మొదట్లో గుంపును వదిలి ముందుకెళ్లే కొద్దిమందిలో (దాన్ని బ్రేక్ అంటారు) చేరడం లేదా ఎవరినీ అలా వెళ్లనివ్వకపోవడం, లీడర్‌ను కొండ మొదలు దాకా ముందు వరసలో చేర్చడం, ఇవీ పనులు. ఒళ్లు దాచుకోకుండా చేయండి, కానీ పని అయ్యాక తెలివిగా ఆపండి. చదును, కొండ ఏదైనా స్టేజీకి టైమ్ కట్ ఉంటుంది, విజేత సమయం మీద కొంత శాతం దాటి వస్తే రేసు నుంచి పంపేస్తారు. అందుకే కొండ స్టేజీల్లో స్ప్రింటర్లు, పని అయిపోయినవాళ్లు కలిసి గ్రుపెట్టోగా గుంపు కట్టి, గడియారం చూసుకుంటూ, అవసరమైనంత వేగంతోనే వస్తారు. రేపు మళ్లీ పని చేయాలి కదా. టీమ్ కారులో ఉండే డైరెక్టర్ రేడియోలో అడిగితే కాళ్లు ఎలా ఉన్నాయో నిజం చెప్పండి. బాగున్నాయని అబద్ధం చెప్పి అరగంటలో చేతులెత్తేస్తే వాళ్ల ప్లాన్ మొత్తం కూలుతుంది, ఆ పేరు ఒకసారి వస్తే పోవడం కష్టం.

డోపింగ్ నియమాలు మొదటి రోజు నుంచే నేర్చుకోండి. పరీక్షల జాబితాలో పేరు చేరితే ప్రతిరోజూ మీరు ఎక్కడ పడుకుంటారో, ఏ గంటలో ఎక్కడ దొరుకుతారో ముందే నమోదు చేయాలి. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే అది నేరుగా ఉల్లంఘనే, ఒంట్లో ఏ మందూ లేకపోయినా సరే. ఒంట్లో దొరికినదానికి బాధ్యత మీదే, ఎవరిచ్చినా ఉల్లంఘన ఉల్లంఘనే. దగ్గు మందు అయినా టీమ్ డాక్టర్‌ను అడగకుండా మింగొద్దు. ట్రామడాల్ అనే నొప్పి మాత్రను రేసుల్లో యూసీఐ 2019లోనే నిషేధించింది, 2024 నుంచి అన్ని ఆటల్లోనూ పోటీ సమయంలో నిషేధం. సప్లిమెంట్ కొంటే బ్యాచ్‌వారీగా పరీక్షించినదే కొనండి. మిగతాది నేను చెప్పక్కర్లేదు: 2012లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ టైటిళ్లనూ తీసేశారు, ఆ కాలంలో నిజాయితీగా తొక్కి ఇంటికి వెళ్లిపోయినవాళ్ల ఏళ్లు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

పడతారు

పడని రోడ్ రేసర్ లేడు. ఎక్కువగా విరిగేది మెడ కింది కాలర్ ఎముక. 2003లో పారిస్-నీస్ రేసులో ఆంద్రే కివిలెవ్ పడి చనిపోయాకే హెల్మెట్ తప్పనిసరి అయింది. తల తగిలితే, లేచి నిలబడగలిగినా, డాక్టర్ చూసేదాకా సైకిల్ ఎక్కొద్దు. "నేను బాగానే ఉన్నాను" అని చెప్పేది దెబ్బతిన్న తలే కదా. ఎముక అతుకుతుంది, రేసులు మళ్లీ వస్తాయి. మాథ్యూ హేమన్ 2016లో చెయ్యి విరిగిన ఆరు వారాలకే, రాళ్లు పరిచిన దారుల మీద సాగే పారిస్-రూబే రేసు గెలిచాడు. ఆ మధ్యలో ఇంట్లో ట్రైనర్ మీద తొక్కాడు, అప్పటికి అతనికి 37 ఏళ్లు, అంతకుముందు ఎన్నోసార్లు ఆ రేసు తొక్కినవాడు. బెర్నాల్ 2022 జనవరిలో ట్రైనింగ్‌లో ఆగి ఉన్న బస్సును గుద్దుకుని ప్రాణం మీదకు తెచ్చుకుని, అదే ఏడాది మళ్లీ రేసుల్లోకి వచ్చాడు. మీరు మాత్రం డాక్టర్ చెప్పినట్టు వినండి, తొందరపడి ఒక నెల ముందు రావాలని చూడొద్దు.

ఎప్పటిదాకా ప్రయత్నించాలి

అండర్-23 చివరి ఏడాది, అంటే 22 ఏళ్ల సీజన్ ముగిసేసరికి ప్రోటీమ్ స్థాయి నుంచి ఒక్క సంభాషణ కూడా రాకపోతే, ఇంకో ఒకటి రెండేళ్లు ఏ ఖర్చుతో, ఎవరి డబ్బుతో ప్రయత్నిస్తారో ఇంట్లో కూర్చుని కాగితం మీద లెక్క వేయండి. చదువు ఆపొద్దు. దూరవిద్య, సగం భారంతో కోర్సు, ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేసును గెలిచిన అన్నా కీసెన్‌హోఫర్‌కు అప్పుడు ప్రొఫెషనల్ కాంట్రాక్టే లేదు, ఆమె గణితంలో పరిశోధన చేసే మనిషి. కాంట్రాక్ట్ వచ్చి బాగా సాగినా చాలామందికి 35 దగ్గర ముగుస్తుంది. అలేహాంద్రో వాల్వెర్దెలా 42 దాకా తొక్కేవాళ్లు అరుదు, మార్సెల్ కిట్టెల్‌లా 31కే ఇక చాలనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత టీమ్ డైరెక్టర్‌గా, కోచ్‌గా, మెకానిక్‌గా, రైడర్ల కాళ్లకు మర్దనా చేసి తిండి సంచులు అందించే స్వానియర్‌గా, రేసు రూట్లు పరిశీలించే మనిషిగా ఇదే ఆటలో ఉండొచ్చు. ఆ పనులకు కూడా కోర్సులు, లైసెన్సులు ఉన్నాయి. ఆఫ్ సీజన్‌లో, నవంబరులో, కాళ్లు విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు వాటిలో ఒకటి మొదలుపెట్టండి.